మిలట్రి తాత కాగితాలు యాడున్నయ్?

మా పక్కూర్ల ఒక అవ్వ ఉన్నది. పెనిమిటి 17 ఏండ్లు మిలట్రిల చేసి వచ్చిండు, పింఛను తిన్నడు, కాలం చేసిండు. ఇగ ఫ్యామిలీ పింఛను ఈమెకు రావాలె గదా. పోతే ఏమన్నరు? పీపీఓల లక్ష్మీదేవి అని ఉన్నది, నీ ఆధార్ల లచ్చమ్మ అని ఉన్నది, నువ్వు ఎవరమ్మా అన్నరు. నలభై ఏండ్లు కాపురం చేసిన మనిషిని ఎవరని అడిగిన్రు!

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఈ ముచ్చట మీ ఇంట్ల కూడా ఉండొచ్చు. అందుకే జర సమజ్ చేసుకోండి.

జవాను ఫైలు అంతా ఢిల్లీల ఉంటదని శానామంది అనుకుంటరు. ఆర్మీల అట్ల కాదు. ఏ రెజిమెంటుకు ఆ రెజిమెంటు, ఏ కోరుకు ఆ కోరు రికార్డ్ ఆఫీసు వేరే ఉంటది. ఈఎంఈ వాళ్లది మన సికింద్రాబాద్లనే. ఆర్టిలరీది నాసిక్ల, సిగ్నల్స్ది జబల్‌పూర్ల, మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల వెల్లింగ్టన్ల. ఎయిర్‌ఫోర్స్ అయితే ఢిల్లీ, నేవీ సెయిలర్లయితే ముంబయి. తప్పు ఆఫీసుకు రాస్తే నెలలు గడుస్తయి. తాత ఏ దాంట్ల చేసిండో, ఆయన ఆర్మీ నంబరెంతో, ఈ రెండు ముందు పట్టుకోవాలె. డిశ్చార్జ్ బుక్కుల రెండూ ఉంటయి.

ఇగ పేరు యాడ తప్పింది? పెండ్లయినా, పిల్ల పుట్టినా జవాను యూనిట్ల చెప్పాలె. దాన్ని పార్ట్-2 ఆర్డర్ల ఎక్కిస్తరు. రికార్డుల కుటుంబం అంటే ఆ ఆర్డర్ల ఎక్కిన కుటుంబమే. మన ఇంటిపేరు ముందుంటది, హిందీ క్లర్కుకు అది ఎనకుండాలె. మల్లయ్య మల్లాయ అయితడు, లచ్చమ్మ లక్ష్మీదేవి అయితది. చదువు రాని జవాను సంతకం పెట్టిండు, అంతే. తప్పు ఆనాడు రాసినోళ్లది, తిరుగుడు ఈనాడు ముసలామెది. ఇదేం న్యాయమో నాకైతే తెల్వది.

తాత బతికుంటే పని అల్క. స్పర్శ్ పోర్టల్ల లాగిన్ అయ్యి భార్య పేరు, పుట్టిన తారీఖు ఎట్లున్నయో చూడుండ్రి. ఫోన్ల రాకుంటే సీఎస్సీ సెంటర్ల చూపిస్తరు. తప్పుంటే ఆయన సంతకంతోనే అర్జీ పెట్టొచ్చు. తాత పోయినంక అయితే మేజిస్ట్రేట్ ముందు అఫిడవిట్, ఆధార్, ఇంకా ఏవేవో రుజువులు. అన్నీ జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు నుంచి పంపిచ్చుడే మంచిది. ఏ రికార్డ్ ఆఫీసుకు ఏ కాగితం కావాల్నో వాళ్లకు ఎరుకుంటది. డిశ్చార్జ్ బుక్కు పోయినా ముందు అక్కడికే పోండి.

రాసినా జవాబు రాకపోతే? సమాచార హక్కు చట్టం ఉన్నది. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి రికార్డ్ ఆఫీసు సమాచార అధికారికి అర్జీ రాయాలె. 30 రోజులల్ల జవాబియ్యాలె. నంబరు, ర్యాంకు, పేరు రాసి, ఫలానా కాగితం నకలు కావాలె అని నేరుగ అడగాలె. గోడంతా ఎళ్లబోసుకుంటే పక్కన పెడ్తరు. మనిషి చనిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్, మీరు వారసులన్న రుజువు జత చెయ్యాలె.

ఒక్కటి మాత్రం ఆగేది కాదు. పింఛను లేకుండ మధ్యల వచ్చినోళ్ల ఫైళ్లు 25 ఏండ్లు దాటితే తీసేస్తరు. అటెన్క లాంగ్ రోల్ అనే రిజిస్టర్ల నాలుగు ముక్కలే మిగుల్తయి. పింఛను లేని ముసలి మాజీ సైనికులకు, వాళ్ల భార్యలకు కేంద్రీయ సైనిక్ బోర్డు సాయం ఉన్నది. కానీ దానికి కూడా మిలట్రిల చేసినట్టు రుజువు అడుగుతరు. అందుకే ఆ పాత బుక్కును పెట్టెల చెదలు తినకముందే ఫోన్ల ఫోటో తీసి, రెండు జాగల దాచుండ్రి.

మా అవ్వ అఫిడవిట్ అయింది. ఫైలు పోయింది. వారానికోపారి మనుమడు పోస్టాఫీసుకు పోయి అడిగొస్తున్నడు.