నెలలు నిండని బిడ్డకు నీరెంత, ఉప్పెంత?

నెలలు నిండి పుట్టిన శిశువు బరువులో సుమారు 75 శాతం నీరే ఉంటుంది. 28 వారాలకు ముందే పుట్టిన బిడ్డలో అది 80 శాతం దాటుతుంది. ఈ నీటిలో ఎక్కువ భాగం కణాల వెలుపల ఉంటుంది, అందులో కొంత పుట్టిన కొద్ది రోజుల్లో మూత్రంగా బయటికి పోతుంది. అందుకే మొదటి వారంలో ఇలాంటి బిడ్డ సుమారు 10 నుంచి 15 శాతం బరువు తగ్గడం సహజం. ఇది చూసి తల్లిదండ్రులు బెంగపడనక్కర్లేదు.

అయితే నీరు చర్మం నుంచి కూడా ఆవిరైపోతుంది. నెలలు నిండని బిడ్డ చర్మం పలుచన, దాని పైపొర ఇంకా గట్టిపడి ఉండదు. బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ. ఇలా పోయే నీటిని తగ్గించడానికే పుట్టగానే ప్లాస్టిక్ కవరు చుడతారు, ఇంక్యుబేటర్‌లో గాలిని తేమగా ఉంచుతారు. ఆవిరయ్యే నీటిని ముందు ఆపగలిగితే, నరం ద్వారా ఎక్కించాల్సిన ద్రవం తగ్గుతుంది.

మూత్రపిండాలూ ఇంకా పరిణతి చెందవు. ఎక్కువైన నీటిని త్వరగా వదిలించుకోలేవు, కావలసిన ఉప్పును పట్టి ఉంచుకోలేవు. కాబట్టి ద్రవాన్ని కొలిచి ఇవ్వాలి. సాధారణంగా మొదటి రోజు కిలో బరువుకు 60 నుంచి 80 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, రోజురోజుకూ పెంచుతూ వారాంతానికి 150 దాకా తీసుకెళ్తారు. మొదట ఇచ్చేది ఎక్కువగా 10 శాతం డెక్స్‌ట్రోజ్. మూత్రం బాగా వచ్చి బరువు తగ్గడం మొదలయ్యాక, అంటే సాధారణంగా రెండు మూడు రోజులకు, సోడియం కలుపుతారు. మూత్రం సరిగ్గా వస్తోందనీ, రక్తంలో పొటాషియం ఎక్కువగా లేదనీ తేలేదాకా పొటాషియం ఇవ్వరు. అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది.

తొలి రోజుల్లో రక్తపరీక్షలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే తగ్గితే, చాలాసార్లు కారణం ఉప్పు లోటు కాదు, నీరు ఎక్కువవడమే. 145 దాటితే తరచూ నీరు కోల్పోయినట్టు. అందుకే అంకెను చూసి వెంటనే ఉప్పు పెంచడమో తగ్గించడమో చేయరు. బిడ్డ బరువు, మూత్రం కూడా చూసి నిర్ణయిస్తారు. రోజూ తూకం వేస్తారు. మూత్రం గంటకు కిలోకు 1 నుంచి 3 మిల్లీలీటర్లు వస్తోందా అని గమనిస్తారు. సోడియం తేడాను సరిచేయడం కూడా నిదానంగానే జరగాలి. హఠాత్తుగా మారిస్తే మెదడుకు హాని.

ద్రవం తక్కువైతే ఒళ్లు ఎండిపోతుంది, రక్తపోటు పడిపోతుంది. ఎక్కువైతే పుట్టాక మూసుకోవాల్సిన గుండె దగ్గరి రక్తనాళం తెరిచే ఉండవచ్చు, ఊపిరితిత్తులూ పేగులూ దెబ్బతినవచ్చు. తల్లిపాలు కొద్దికొద్దిగా పెరిగేకొద్దీ నరం ద్వారా ఎక్కించే ద్రవాన్ని అంతే తగ్గిస్తూ వస్తారు. బిడ్డకు కావలసినదంతా పాలతోనే అందినప్పుడు దాన్ని పూర్తిగా ఆపేస్తారు.