పశుపాలకుని నష్టము – ప్రభుత్వ సహాయము

పైరు పోయిన కర్షకునకు మరుసటి యేడు విత్తుకొందునను ఆశ యుండును. మంద పోయిన పశుపాలకునకు అట్లు కాదు. ఒక్క ఆవు చచ్చినచో దానికి పుట్టవలసిన దూడలును, ఏండ్ల తరబడి ఎంచి పెంచిన సంతతియు పోవును. ఇట్టి నష్టమును ప్రభుత్వము ఎట్లు లెక్కకట్టును? అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రమున జరిగిన ఒక ఉదంతము దీనిని చక్కగా తెలుపును.

ఆ రాష్ట్రపు పశ్చిమభాగమున మీడ్ కౌంటీ కలదు. కౌంటీ యన మన జిల్లా వంటి విభాగము. విశాలమైన పచ్చిక బీళ్లు, దూరదూరముగా ఇండ్లు, మాంసముకై పెంచు పశువుల మందలు - ఇదియే అచటి జీవనము. 2013 అక్టోబరు 3, 4, 5 తేదీలలో ఆ ప్రాంతమున మొదట చల్లని వాన కురిసి పశువులను తడిపివైచెను. వెంటనే ఘోరమైన మంచు తుపాను వీచెను. శీతకాలపు దట్టమైన రోమము వానికి ఇంకను రాలేదు. గాలివాటున నడచిన మందలు వాగులలోను, కంచెల చెంతను గుంపులుగా కూలినవి. చుట్టుపట్ల కౌంటీలతో కలిపి పదివేలకు మించిన పశువులు చనిపోయినవి.

సహాయమునకు చట్టమే లేదు. 2008లో ఏర్పరచిన పథకముల గడువు 2011 సెప్టెంబరుతో తీరిపోయెను. పైగా బడ్జెటు వివాదమువలన అక్టోబరు 1 నుండి కేంద్రప్రభుత్వ వ్యవసాయ కార్యాలయములు మూతపడి యుండెను. అప్పుడు పశుపాలకులకు లభించిన సలహా ఒక్కటే: పూడ్చుటకు ముందు లెక్క వ్రాసికొనుడు. చెవిబిళ్లల సంఖ్యలు, ఛాయాచిత్రములు, పశువైద్యుని ధ్రువపత్రము, పొరుగువాని సాక్ష్యము - దుఃఖ సమయమున వీనినన్నిటిని కూర్చుకొనవలసి వచ్చెను.

2014 ఫిబ్రవరి 7న కొత్త వ్యవసాయ చట్టము వచ్చినది. ఈ పథకములను అది శాశ్వతము గావించి, 2011 అక్టోబరు 1 నుండి జరిగిన నష్టములకును వర్తింపజేసెను. ఏప్రిలు 15 నుండి దరఖాస్తులు స్వీకరించిరి. సాధారణముగా చనిపోవు పశువులను మినహాయించి, మిగిలినవానికి సగటు విపణి విలువలో నూటికి 75 వంతుల చొప్పున చెల్లింపు ఏర్పడినది. లెక్క వ్రాసియుంచిన వారికి ఆనాటి శ్రమ అక్కరకు వచ్చెను.

అనావృష్టి సహాయపు పద్ధతి వేరు. అచట చచ్చిన పశువులను లెక్కింపరు, కౌంటీయే కొలబద్ద. 1999 నుండి వారము వారము వెలువడుచున్న అనావృష్టి పటములో ఆ కౌంటీ ఏ తీవ్రతలో, ఎన్ని వారములు ఉన్నదో చూచి, కొన్ని నెలల మేత ఖర్చులో కొంత భాగము చెల్లింతురు. కావున ఎల్లకు ఈవలి రైతునకు సొమ్ము దక్కి, ఆవలివానికి దక్కకపోవుటయు కలదు. స్థానికముగా ఈ వ్యవహారములను చూచు సంఘములో రైతులే ఎన్నుకొనిన రైతులుందురు.

ముప్పాతిక విలువ చేతికి వచ్చినను మంద తిరిగి రాదు. దానిని పెంచుటకు ఏండ్లు పట్టును. అయినను ఆ సొమ్ము రైతు భూమి నమ్ముకొనకుండ నిలువ సాయపడును. అందుకు ఆపద రాకముందే చట్టము సిద్ధముగా నుండవలెను. రైతు చేత లెక్కయు ఉండవలెను.