వాహనాలకు ప్రత్యామ్నాయ ఇంధనాలు: అవకాశాలు, పరిమితులు

భారతదేశం వినియోగిస్తున్న ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచి దిగుమతి అవుతున్నది. అంతర్జాతీయ విపణిలో ధర పెరిగిన ప్రతిసారీ ఆ భారం సరకు లారీ మొదలు సేద్యపు ట్రాక్టరు వరకు అన్నింటిపైనా పడుతున్నది. ఈ నేపథ్యంలో బయోడీజిల్, ఇథనాల్, సహజవాయువు, విద్యుత్తు, హైడ్రోజన్ వంటి ప్రత్యామ్నాయాలకు ప్రాధాన్యం ఏర్పడింది. వీటిలో ఏది మేలైనదన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ఇంధనం దేని నుంచి తయారవుతున్నది, ఎటువంటి వాహనానికి సరిపోతుంది అన్న రెండు అంశాలపైనే దాని ప్రయోజనం ఆధారపడి ఉంటుంది.

నూనె మొక్కలు నేర్పిన పాఠం

డీజిల్‌లో కలిపే బయోడీజిల్ కోసం బంజరు భూముల్లో జట్రోఫాను విస్తృతంగా పెంచాలని ప్రణాళికా సంఘం కమిటీ 2003లో సిఫారసు చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కానుగ పెంపకానికి కూడా ప్రోత్సాహం లభించింది. నాటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గ్రామ మహిళలు, డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడడం వల్ల తగ్గే 147 టన్నుల కర్బన ఉద్గారాలకు గాను 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు పొందారు. అయితే దేశవ్యాప్తంగా జట్రోఫాపై పెట్టుకున్న ఆశలు ఫలించలేదు. నీరు లేని నేలలో మొక్క బతికింది గాని, లాభసాటి దిగుబడి రాలేదు. 2017 నాటికి 20 శాతం బయోడీజిల్ కలపాలన్న 2009 నాటి జాతీయ విధాన లక్ష్యం నెరవేరలేదు. 2018 విధానంలో ఆ లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతంగా నిర్ణయించారు.

ఇథనాల్: పొలంతో ముడిపడిన ఇంధనం

పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003 జనవరిలో 9 రాష్ట్రాలు, 4 కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రారంభమైంది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిశ్రమం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. తద్వారా చెరకు, మొక్కజొన్న రైతులకు కొత్త విపణి లభించింది.

కాగా, లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. అందువల్ల 20 శాతం మిశ్రమానికి అనుగుణంగా రూపొందని కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. ముడిసరకు లభ్యత వర్షాలపై ఆధారపడి ఉండడం మరో పరిమితి. చక్కెర ఉత్పత్తి తగ్గగలదన్న అంచనాతో 2023 డిసెంబరులో కేంద్రం చెరకు రసం నుంచి ఇథనాల్ తయారీపై ఆంక్షలు విధించి, 2024 ఆగస్టులో తొలగించింది. ఇక మొక్కజొన్న ధర పెరిగితే రైతుకు మేలే గాని, అదే దాణాగా గల కోళ్ల పరిశ్రమకు భారం.

సహజవాయువు, విద్యుత్తు

సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన ఆదేశాల మేరకు ఢిల్లీ నగర బస్సులు 2002 చివరి నాటికి సీఎన్‌జీకి మారాయి. పొగ తగ్గింది. అయితే దేశానికి కావలసిన సహజవాయువులో దాదాపు సగం దిగుమతి చేసుకోవలసిందే.

ద్విచక్ర వాహనాలు, ఆటోలు, రాత్రికి డిపో చేరే నగర బస్సులకు బ్యాటరీ అనుకూలమైనది. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి చేరడం దీని విశిష్టత. 2022 నుంచి విద్యుత్ బస్సులు నడుస్తున్న తిరుమల ఘాట్ రోడ్డు వంటి మార్గాల్లో, కొండ దిగేటప్పుడు ఈ ప్రయోజనం స్పష్టంగా లభిస్తుంది. అయితే దేశంలో ఉత్పత్తి అయ్యే విద్యుత్తులో మూడింట రెండు వంతులకు పైగా బొగ్గు నుంచే వస్తున్నది. పగటి వేళ సౌరవిద్యుత్తుతో ఛార్జింగ్‌కు వీలు కల్పించనిదే పొగ వీధి నుంచి విద్యుత్కేంద్రానికి మారుతుందే తప్ప పూర్తిగా తొలగదు.

హైడ్రోజన్

కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తయారు చేయడానికి 50 యూనిట్లకు పైగా విద్యుత్తు అవసరం. ఆ కిలోలో లభించే శక్తి సుమారు 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్‌లో అందులోనూ సగం వరకు నష్టపోతుంది. అందువల్ల చిన్న వాహనాలకు బ్యాటరీయే మేలు. అధిక బరువుతో సుదూరం ప్రయాణించే లారీల విషయంలో హైడ్రోజన్ పరిశీలించదగినది.

ముందున్న కర్తవ్యం

ఒకే ఇంధనంపై ఆశలన్నీ పెట్టుకొనక, వాహనాన్ని బట్టి, స్థానిక వనరులను బట్టి ఎంపిక చేసుకోవడం శ్రేయస్కరం. ఏ పథకానికైనా లక్ష్య శాతాన్ని ప్రకటించే ముందు భూమి, నీరు, విద్యుత్తు ఎంత అవసరమో, అవి ఎక్కడి నుంచి రాగలవో లెక్కించవలసి ఉన్నది. ఆ లెక్క తప్పితే నష్టపోయేది ముందుగా మొక్క నాటిన రైతేనని జట్రోఫా అనుభవం తెలుపుతున్నది.