అద్దె ఇంటికి ఒక కాగితం



దాతలు నమ్మకంతో అప్పగించిన జకాత్, సదఖా సొమ్ములో కొంత భాగాన్ని ఏటా మనం ఇంటి అద్దెలకు, అడ్వాన్సులకు ఇస్తున్నాం. ఆ సొమ్ము ఎందుకు కావాల్సివస్తోందో దాతలకు చెప్పడం మా బాధ్యత.

మన దగ్గరకు వచ్చిన ఒక తల్లి మగ్గం పని చేస్తుంది. అద్దె 6,000 నుంచి 8,000 అన్నారు. కట్టలేనన్నందుకు పదిహేను రోజుల్లో ఖాళీ చేయమన్నారు. రాసుకున్న కాగితం లేదు, రసీదు లేదు. పాత అడ్వాన్సు రంగులకూ మరమ్మతులకూ సరిపోయిందన్నారు. కొత్త ఇంటి అడ్వాన్సు మనం ఇచ్చాం. కానీ బడి దూరమైంది. ఏడో తరగతి చదివే అమ్మాయి నెలన్నర బడికి రాలేదు. ఆ నెలన్నర చదువును మన సహాయం తిరిగి తేలేకపోయింది.

అద్దెదారుకు చట్టం లేదా అని కొందరు అడుగుతారు. ఉంది. తెలంగాణలో 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం ఉంది. న్యాయమైన అద్దెను రెంట్ కంట్రోలర్ నిర్ణయించవచ్చు. చట్టంలో చెప్పిన కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు. అయితే 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు ఈ చట్టం వర్తించదు. హైదరాబాదులో నేడు ఆ అద్దెకు కుటుంబం ఉండదగిన ఇల్లు దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు.

మిగిలినవారికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే గతి. ఒప్పందం లేకపోతే నెలవారీ అద్దెను 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. అయినా గడువు దాటగానే సామాను వీధిలో పడేసే హక్కు యజమానికి రాదు. ఆయన కోర్టుకు వెళ్లాల్సిందే. ఈ సంగతి తెలియకనే చాలా కుటుంబాలు రాత్రికి రాత్రి ఇల్లు వదిలేస్తున్నాయి.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాసి తెలపాలి. తగాదా వచ్చినా నీళ్లు, కరెంటు ఆపకూడదు. ఇది యజమానికీ రక్షణే: గడువు ముగిశాక ఖాళీ చేయని అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపై నాలుగు రెట్లు అద్దె కట్టాలి. అయితే అద్దె ఎంత ఉండాలో ఇది చెప్పదు. పైగా ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అద్దెలు నిజంగా అందుబాటులోకి రావాలంటే ప్రభుత్వాలు అద్దె ఇళ్లు కూడా కట్టించాలి. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో అద్దె గృహాలకు చోటిచ్చారు. అవి మన బస్తీలకు చేరేలా అడగడం మన వంతు.

ఈ చట్టాల కోసం ఎదురుచూడకుండా మనం చేయగలిగింది ఒకటుంది. మన దాతల్లో ఇళ్లు అద్దెకిచ్చేవారు చాలామంది ఉన్నారు. బాకీ వ్యవహారాన్ని రాసి ఉంచుకోమని అల్ బఖరా అధ్యాయం 282వ ఆయత్ మనకు నేర్పింది. అద్దెకూ అదే మర్యాద పాటిద్దాం. ఒప్పందం రాసి, వీలైతే రిజిస్టరు చేయిద్దాం. ప్రతి నెలా రసీదు ఇద్దాం. అడ్వాన్సు రెండు నెలలకు మించి అడగొద్దు. పిల్లలున్న ఇంటిని వార్షిక పరీక్షలు అయ్యేదాకా కదిలించవద్దు.

ఒక చేత్తో జకాత్ ఇచ్చి, మరో చేత్తో జకాత్ అవసరమయ్యే కుటుంబాన్ని తయారుచేయడం మనకు తగదు. ఈ కాగితానికి చందా అక్కర్లేదు. కానీ ఒక అమ్మాయి బడి ఆగకుండా చూస్తుంది.

అల్లాహ్ మన దానాలను, మన వ్యవహారాలను స్వీకరించుగాక. ఆమీన్.