సందు ఇరుకైతే బేస్ లోతు!

స్పీకరు పెద్దదైతేనే బేస్ వస్తుందనుకుంటే పొరపాటే. గాలి బయటకు వచ్చే దారి ఎంత అన్నదీ అంతే ముఖ్యం.

టేప్‌రికార్డర్ల రోజుల్లో పల్లెల్లో చాలామంది స్పీకరును మట్టికుండ మూతికి బిగించేవారు. విడిగా ఉంటే పీలగా పలికే స్పీకరు కుండెక్కగానే ధమ్ ధమ్‌మనేది. స్పీకరు కోను ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనుక గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిస్తే శబ్దం చచ్చిపోతుంది. కుండ వెనుక గాలిని బంధించి ఆ నష్టాన్ని ఆపేది.

కుండా, పెట్టె ఏదీ లేకుండా ఉత్త చెక్కకు స్పీకరు బిగించే పద్ధతీ ఉంది. దీన్ని ఓపెన్ బాఫిల్ అంటారు. పెట్టె మోత ఉండదు కనుక పాట సహజంగా వినిపిస్తుంది. చిక్కల్లా బేస్‌తోనే.

ఏడు మీటర్ల అల

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సెకనుకు 50 సార్లు కంపించే శబ్దపు అల పొడవు దాదాపు 7 మీటర్లు. మీటరు వెడల్పు చెక్క దానికి అడ్డే కాదు. వెనుక అల అంచు చుట్టి వచ్చి ముందు అలను మింగేస్తుంది. కంపనాలు సగానికి తగ్గినా అంతే గట్టిగా వినిపించాలంటే కోను 8 రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. బేస్ కోసం ఆంప్లిఫయరు పెంచుతూ పోతే కాయిల్ మాడేది, కోను చిరిగేది ఇక్కడే.

ఇరుకు దారి కిటుకు

స్పీకరు ముఖానికి ఎదురుగా కొద్ది దూరంలో మరో చెక్క నిలిపి, మూడు వైపులా మూసి, ఒక వైపే సందు వదులుతారు. స్పీకరు వెనుక భాగం తెరిచే ఉంటుంది. ఇరుకు సందులో గాలి వేగంగా కదలాలి. ఆ గాలి బరువు కోనుపై పడుతుంది. స్ప్రింగుకు బరువు పెంచితే నెమ్మదిగా ఊగినట్టే స్పీకరు సహజ కంపనం కిందికి దిగుతుంది. జర్మనీకి చెందిన ఆక్సెల్ రిడ్‌టాలర్ రూపొందించిన ‘రిపోల్’ ఈ కోవలోదే.

సాధారణంగా సందును కోను వైశాల్యంలో మూడో వంతు నుంచి నాలుగో వంతు వరకు ఉంచుతారు. 12 అంగుళాల స్పీకరు కోను సుమారు 500 చదరపు సెంటీమీటర్లు. దానికి 30 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు సందు సరిపోతుంది.

అతి పనికిరాదు

సందు మరీ ఇరుకైతే గాలి బుసకొడుతుంది. సందు వెనుక ఖాళీ పై స్వరాల్లో ఒకచోట గుయ్‌మంటుంది. అందుకే సుమారు 100 కంపనాలకు పైనున్న శబ్దాన్ని క్రాసోవరుతో మరో స్పీకరుకు మళ్లించాలి.

సందు తగ్గిస్తే పెరిగేది లోతు, బిగ్గరతనం కాదు. జాతర మైదానానికి పెట్టె స్పీకర్లే మేలు. ఇంట్లో వినేవారికి మాత్రం ఇది నప్పుతుంది. శబ్దం ముందుకూ వెనక్కూ పోతుందే గాని పక్కలకు తక్కువ.

కోసిన చెక్క మళ్లీ అతకదు. కనుక సందును మొదట వెడల్పుగా వదిలి, అంచు చెక్కను జరిపేందుకు వీలుగా స్క్రూలతో బిగించాలి. బాగా తెలిసిన పాట పెట్టి సెంటీమీటరు చొప్పున తగ్గించాలి. బుస వినిపించగానే ఒక సెంటీమీటరు వెనక్కి జరపాలి. ఆ స్పీకరుకు అదే సరైన కొలత.