వాహన విడిభాగాల ధరలు (విజయవాడ)

విజయవాడలో మోటారు వాహనాల విడిభాగాలు ప్రధానంగా మూడు చోట్ల లభిస్తాయి. మొదటిది వాహన కంపెనీల అధీకృత డీలర్లు, రెండవది జవహర్ ఆటోనగర్‌లోని దుకాణాలు, మూడవది ఇంటర్నెట్ ద్వారా అమ్మే ఆన్‌లైన్ విక్రేతలు. ఒకే పేరుగల భాగానికి ఈ మూడు చోట్ల మూడు ధరలు ఉండడం సర్వసాధారణం. ఈ తేడాలో కొంత భాగం నిజమైన చౌక, కొంత భాగం వస్తువు నాణ్యతలోని తేడా, మరికొంత బిల్లులో కనబడని ఖర్చు. కృష్ణా డెల్టాలో లారీ, ఆటో, ట్రాక్టరు నడిపి జీవించే కుటుంబాలు అనేకం. వారికి ఈ తేడా నెల రాబడికి సంబంధించిన విషయం. బ్రేకు, స్టీరింగు భాగాల వద్ద అయితే ప్రాణానికి సంబంధించిన విషయం కూడా.

ఆటోనగర్ నేపథ్యం

చెన్నై - కోల్‌కతా రహదారి (పూర్వపు 5వ నెంబరు, ప్రస్తుత 16వ నెంబరు జాతీయ రహదారి), హైదరాబాదు నుండి మచిలీపట్నం వెళ్ళే రహదారి (పూర్వపు 9, ప్రస్తుత 65) విజయవాడ వద్ద కలుస్తాయి. దీనికి తోడు పెద్ద రైల్వే జంక్షను, డెల్టా ధాన్యం, నూజివీడు మామిడి, కొల్లేటి పరిసరాల చేపల ఎగుమతి కారణంగా ఈ నగరం లారీ రవాణాకు కేంద్రమైనది. లారీలున్న చోట మరమ్మతు తప్పదు. నగరంలో చెదురుమదురుగా ఉన్న మరమ్మతు షెడ్లను ఒక చోటికి చేర్చే ఉద్దేశంతో 1960ల దశకంలో నగరానికి తూర్పున, బందరు రోడ్డుకూ జాతీయ రహదారికీ నడుమ ఏర్పడిన పారిశ్రామికవాడయే జవహర్ ఆటోనగర్. జవహర్‌లాల్ నెహ్రూ పేరు మీద దీనికి ఆ పేరు వచ్చినది. 2014లో విడుదలైన "ఆటోనగర్ సూర్య" చలనచిత్రం ఈ నేపథ్యంలో తీసినదే.

ఇక్కడ లారీ బాడీ కట్టడం, ఇంజను పని, లేత్ పని, కమాన్ పట్టీల పని, టింకరింగు, రంగులు, పాత వాహనాలను విప్పి భాగాలుగా అమ్మడం వంటి పనులన్నీ పక్కపక్కనే జరుగుతాయి. ధరల విషయంలో దీని ప్రాముఖ్యం ఇదే. దుకాణంలో భాగం కొన్న మనిషి అదే వీధిలో దానిని బిగించుకొని, సరిపోకపోతే గంటలో మార్చుకొని వెళ్ళగలడు. గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ వంటి ఊళ్ళ మెకానిక్కులు ఫోనులో చెబితే సరుకును బస్సు పార్సిలులో వేసి పంపడం కూడా ఇక్కడి దుకాణాలవారికి పరిపాటి.

ఒకే పేరు, వేరు వేరు సరుకు

ధరల పోలికలో అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "క్లచ్ ప్లేటు ధర ఎంత?" అనే ప్రశ్నకు అర్థం లేదు, ఏ రకం క్లచ్ ప్లేటు అన్నది ముందుగా తేలాలి.

వాహన కంపెనీ తన పేరు ముద్రించిన పెట్టెలో అమ్మేదానిని వ్యాపార భాషలో "జెన్యూన్" లేక "కంపెనీ మాల్" అంటారు. అయితే వాహన కంపెనీలు చాలా భాగాలను స్వయంగా తయారు చేయవు. బాష్, లూకాస్ టీవీఎస్, రాణే, బ్రేక్స్ ఇండియా వంటి సంస్థలు తయారుచేసి కంపెనీలకు సరఫరా చేస్తాయి. ఇదే సంస్థలు తమ సొంత పేరుతో బహిరంగ మార్కెట్టులోనూ అమ్ముతాయి. తయారీదారు ఒకరే అయినా, కంపెనీ పెట్టెలో ఉన్న సరుకుకు ధర సాధారణంగా ఎక్కువ. మరమ్మతు ఖర్చు తగ్గించుకొనడానికి నిజాయితీగల మార్గం ఏదైనా ఉన్నదంటే అది ఈ రెండవ రకాన్ని కొనడమే.

మూడవ రకం, వాహన కంపెనీలతో సంబంధం లేని తయారీదారులు చేసే భాగాలు. వీటిని "లోకల్" అని కలిపి పిలిచినా, వీటిలో మంచివీ ఉన్నవి, నాసివీ ఉన్నవి. బంపరు, అద్దం కప్పు, మడ్‌గార్డు వంటి వాటికి ఈ రకం చాలును. నాల్గవది పాత వాహనాల నుండి విప్పినవి, బాగుచేసి అమ్మే "రీకండిషన్" భాగాలు. గేరుబాక్సు, డిఫరెన్షియల్ వంటి ఖరీదైన వాటికి ఆటోనగర్‌లో ఈ సరుకుకు గిరాకీ ఎక్కువ. ఉత్పత్తి ఆగిపోయిన పాత మోడళ్ళకు తరచుగా ఇదొక్కటే దారి.

చివరిది, పేరున్న కంపెనీ పెట్టెను అనుకరించి అమ్మే నకిలీ సరుకు. దీనిని చౌక సరుకుగా కాక మోసంగానే పరిగణించాలి. నాసిరకం బ్రేకు లైనరు చూపునకు అసలుదానివలెనే ఉంటుంది. వరుసగా బ్రేకు వేసినపుడు వేడెక్కి, పైభాగం గట్టిపడి నునుపుదేరి, పట్టు కోల్పోతుంది. బరువుతో ఉన్న లారీకి ఈ సంగతి తెలిసే సమయానికి ముందున్న వాహనం దగ్గరపడి ఉంటుంది. పెట్టె మీద ఉండే క్యూఆర్ కోడ్, గీకితే కనబడే సంఖ్య, హోలోగ్రాము వంటివి నకిలీని గుర్తించడానికి కంపెనీలు చేసిన ఏర్పాట్లు. వీటిని పరీక్షించడానికి పట్టే సమయం ఒక నిమిషం మాత్రమే.

ఎమ్మార్పీ, పన్ను

పెట్టె మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర (ఎమ్మార్పీ) అన్ని పన్నులతో కలిపిన ధర. అంతకంటే ఎక్కువకు అమ్మరాదన్నదే దాని భావం, అంతకే అమ్మాలని కాదు. డీలర్లు సాధారణంగా ఈ ధరకే ఇస్తారు. ఆటోనగర్‌లో కొనేవారి పరిచయాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి తగ్గింపు ఉంటుంది. ఆన్‌లైన్ పేజీలో గీత కొట్టి చూపే "పాత ధర" చాలా సందర్భాలలో ఈ ఎమ్మార్పీయే. కనుక "నలభై శాతం తగ్గింపు" అన్న ప్రకటనను ఆటోనగర్‌లో నిజంగా అమ్మే ధరతో పోల్చాలే తప్ప ఎమ్మార్పీతో కాదు.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను (జీఎస్టీ) అమలులోకి వచ్చినపుడు విడిభాగాలలో కొన్ని 18 శాతం, అనేకం 28 శాతం శ్రేణిలో చేరాయి. 2025 సెప్టెంబరు 22 నుండి మోటారు వాహన విడిభాగాలన్నిటికీ ఒకే రేటుగా 18 శాతం నిర్ణయించారు. ట్రాక్టరు టైర్లు, ట్యూబుల మీద పన్ను 18 నుండి 5 శాతానికి తగ్గినది. పన్ను కాక వెయ్యి రూపాయలుండే భాగం ధర పూర్వం రూ.1,280 అయితే, ప్రస్తుతం రూ.1,180 కావలెను. ఆ తేదీకి పూర్వం పెట్టెలో చేరిన సరుకు మీద పాత ధరే ముద్రించి ఉంటుంది. కాబట్టి తయారీ నెల చూసి, కొత్త ధర ఎంతో అడగడం అవసరం.

బిల్లు లేకుండా కొంటే పన్ను మేరకు తగ్గిస్తామనడం కొన్ని చోట్ల వినబడే మాట. సొంత లారీలను ట్రాన్స్‌పోర్టు కంపెనీలకు అద్దెకు తిప్పే చిన్న యజమానులకు ఆ అద్దె మీద జీఎస్టీ మినహాయింపు ఉన్నది; అందువలన వారు భాగాల మీద కట్టిన పన్నును తిరిగి పొందలేరు. ఈ ప్రలోభం వారి మీద ఎక్కువగా పనిచేయడానికి కారణం అదే. అయితే బిల్లు లేని భాగానికి గ్యారంటీ లేదు, ఫిర్యాదు చేయడానికి ఆధారమూ లేదు.

ఆన్‌లైన్ విక్రేతలు

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి సాధారణ వేదికలతో పాటు, బూడ్మో వంటి విడిభాగాలకే ప్రత్యేకించిన వేదికలూ ఉన్నవి. వీటిలో వేదిక ఒకటి, అసలు అమ్మేవారు మరొకరు. ఒకే పేజీలో ఒకే భాగానికి నలుగురు విక్రేతలు నాలుగు ధరలు చూపవచ్చును. 2018 జనవరి 1 నుండి తూనికలు కొలతల నిబంధనల ప్రకారం, పొట్లం కట్టిన వస్తువు ఎమ్మార్పీ, తయారీదారు వివరాలు ఆన్‌లైన్ పేజీలో చూపడం తప్పనిసరి.

ఆన్‌లైన్ వల్ల కలిగిన గొప్ప మేలు కొనకపోయినా అందుతుంది. పార్టు నెంబరు తెలిస్తే ఎమ్మార్పీ ఎంతో ఎవరైనా ఇంట్లో కూర్చొని తెలుసుకోవచ్చును. పూర్వం ఈ సమాచారం దుకాణదారుకు, మెకానిక్కుకు మాత్రమే తెలిసి ఉండేది. మెకానిక్కు తెచ్చిన భాగం ధరలో అతని కమీషను కలిసి ఉండడం ఈ వ్యాపారంలో పాత ఆచారం. దానిని దోపిడీ అనడం పూర్తిగా సబబు కాదు. కూలి తక్కువ తీసుకొని, ఆ లోటును భాగం మీద పూడ్చుకొనే మెకానిక్కులే ఎక్కువ. భాగాన్ని ఆన్‌లైన్‌లో కొని తెచ్చి బిగించమన్నపుడు బిగింపు కూలి పెరగడానికి, పని బాధ్యత తనది కాదని మెకానిక్కు చెప్పడానికి కారణం ఇదే. ధర పోల్చేటపుడు ఈ పెరిగిన కూలిని కూడా లెక్కలో వేయాలి.

రెండవ సమస్య అమరిక. ఒకే మోడలు పేరుతో బీఎస్-4 (2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా), బీఎస్-6 (2020 ఏప్రిల్ 1 నుండి) వాహనాలు ఉన్నవి. వాటి సెన్సార్లు, ఇంధన వ్యవస్థ, సైలెన్సరు భాగాలు ఒకటికొకటి సరిపోవు. మోడలు పేరు, సంవత్సరం చూసి ఆర్డరు చేసినవారికి సరిపోని భాగం వచ్చే అవకాశం ఎక్కువ. ఛాసిస్ నెంబరును బట్టి పార్టు నెంబరు తెలుసుకొని, ఆ నెంబరుతోనే వెతకడం సరైన పద్ధతి. పార్టు నెంబర్లను కూడా కంపెనీలు అప్పుడప్పుడు మారుస్తుంటాయి.

మూడవది కాలం. ఒక ఆటో డ్రైవరు రోజుకు ఖర్చులు పోను రూ.600 మిగుల్చుకుంటాడనుకుంటే, రూ.250 చౌకగా దొరికిన భాగం కోసం రెండు రోజులు బండి నిలిపినపుడు అతనికి నికరంగా రూ.950 నష్టం. వరి కోతల కాలంలో ట్రాక్టరుకు, చేపల లోడుతో ఉన్న లారీకి ఈ నష్టం ఇంకా ఎక్కువ. దీనికి భిన్నంగా, ఆయిల్ ఫిల్టరు, వైపరు, బల్బు వంటి ముందుగా తెలిసిన అవసరాలకు వారం రోజులు ఆగినా పోయేది లేదు. ఆన్‌లైన్ ధర నిజంగా లాభించేది ఇటువంటి వాటికే.

2024 బుడమేరు వరద

2024 ఆగస్టు చివర కురిసిన భారీ వర్షాలకు బుడమేరు పొంగి గండ్లు పడి, సెప్టెంబరు 1 నుండి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం మొదలైన ప్రాంతాలు నీట మునిగాయి. వేలాది ద్విచక్ర వాహనాలు, ఆటోలు, కార్లు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. మునిగిన వాహనాలకు చెడేవి దాదాపు ఒకటే రకం భాగాలు: సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటరు, వైరింగు, ఎలక్ట్రానిక్ కంట్రోలు యూనిట్, బేరింగులు, ఫిల్టర్లు. చట్టప్రకారం తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్న వాహనాలకు వరద నష్టం వర్తించదు. పాత ఆటోలకు, మోటారు సైకిళ్ళకు సమగ్ర బీమా లేకపోవడం మామూలు కనుక, ఆ ఖర్చు యజమానుల మీదనే పడినది. ఎలక్ట్రానిక్ కంట్రోలు యూనిట్ వంటి భాగం కొత్తది కొనాలా, బాగుచేయించాలా, విప్పిన బండిది తేవాలా అన్న ప్రశ్నకు సమాధానం పాత వాహనం విలువను బట్టి ఉంటుంది. బండి విలువలో మూడవ వంతు ఖరీదు చేసే కొత్త భాగాన్ని పాత ఆటోకు వేయించడం అరుదుగానే గిట్టుబాటు అవుతుంది.

బ్యాటరీల ప్రత్యేకత

బ్యాటరీకి ఎప్పుడూ రెండు ధరలు ఉంటాయి: పాతది ఇచ్చి కొనే ధర, ఇవ్వకుండా కొనే ధర. పాత బ్యాటరీలోని సీసానికి విలువ ఉన్నందున ఈ తేడా చెప్పుకోదగినంతగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో చూపినది ఏ ధరో గమనించకుండా దుకాణపు ధరతో పోల్చడం తరచు జరిగే పొరపాటు. హామీ కాలం కూడా రెండు భాగాలు. మొదటి భాగంలో చెడితే ఉచితంగా మారుస్తారు, రెండవ భాగంలో కొంత తగ్గింపు మాత్రమే ఇస్తారు. తయారీ తేదీ నుండి ఎక్కువ కాలం గోదాములో ఉన్న బ్యాటరీ చౌకగా వచ్చినా దాని ఆయుష్షు కొంత తరిగి ఉంటుంది.

ఇతర దేశాలతో పోలిక

అమెరికాలో ఈ వ్యాపారం పెద్ద గొలుసు దుకాణాల చేతిలో ఉన్నది. ఓరైలీ 1957లో, ఆటోజోన్ 1979లో మొదలైనవి. 1999లో ఆరంభమైన రాక్ఆటో ఆన్‌లైన్‌లోనే అమ్ముతుంది. అక్కడ కూలి చాలా ఎక్కువ కనుక, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ వంటివి యజమానులే మార్చుకొనడం సాధారణం. అక్కడ స్థిరపడిన తెలుగువారిలోనూ ఈ అలవాటు కనబడుతుంది. ఆంధ్రదేశంలో ఆ స్థాయి గొలుసు దుకాణాలు లేవు. కూలి తక్కువ కావడం, మెకానిక్కే భాగాన్ని ఎంచడం, అరువు మీద సరుకు దొరకడం దీనికి కారణాలు. నెలాఖరున కిరాయి డబ్బు చేతికొచ్చే లారీ యజమానికి అరువిచ్చే దుకాణమే చౌక దుకాణం. ఈ సౌకర్యం ఆన్‌లైన్ వేదికలలో అంతగా లేదు.

చట్టము, వినియోగదారుల రక్షణ

విడిభాగాలను బహిరంగ మార్కెట్టులో దొరకనీయకుండా తమ డీలర్లకే పరిమితం చేస్తున్నాయన్న ఫిర్యాదు మీద, భారత పోటీ కమిషను 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తం సుమారు రూ.2,545 కోట్ల జరిమానా విధించినది. విడిభాగాలను, మరమ్మతు పరికరాలను బయటి మెకానిక్కులకు అందుబాటులో ఉంచవలెనని కూడా ఆదేశించినది. కంపెనీలు దీనిని పైస్థాయిలో సవాలు చేశాయి. ఆటోనగర్ వంటి చోట్ల దొరికే కంపెనీ మాల్ వెనుక ఉన్న వివాదం ఇది.

2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. విక్రేత ఢిల్లీలో ఉన్నా గుడివాడ వ్యక్తి తన జిల్లా కమిషనునే ఆశ్రయించవచ్చును. రూ.5 లక్షల వరకు విలువగల కొనుగోళ్ళకు ఫీజు లేదు. వ్యాపారం కోసం కొన్న వస్తువులకు ఈ చట్టం వర్తించదు. అయితే స్వయం ఉపాధితో జీవనం గడపడానికి కొన్నవారికి మినహాయింపు ఉన్నది. అంటే సొంత ఆటో నడుపుకొనే డ్రైవరు వినియోగదారుడే. ఇరవై లారీలున్న యజమాని కాకపోవచ్చును. కమిషనుకు వెళ్ళే ముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నెంబరుకు ఫోను చేయవచ్చును. ఫిర్యాదుకు బిల్లు, పెట్టె, పార్టు నెంబరు కనబడే ఫొటో, ఆన్‌లైన్‌లో కొన్నదయితే ఆర్డరు వివరాలు ఉంచుకొనవలెను.