మడమ నొప్పికి షాక్‌వేవ్... ఈవెంట్స్ దాకా ఆగొద్దు!

రాప్తాడులో తెల్లారకముందే హైవే పక్కన పరుగు తీసేవాళ్లలో మీరూ ఉన్నారా? మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు ఉంటోందా? కాస్త నడిస్తే తగ్గి, సాయంత్రానికి మళ్లీ వస్తోందా? అయితే ఇది మీకోసమే.

కానిస్టేబుల్ కొలువుకు 1600 మీటర్ల పరుగును అబ్బాయిలు 8 నిమిషాల్లో, అమ్మాయిలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. రాష్ట్రంలో 6,100 పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయితే, ఈవెంట్స్ 2024 డిసెంబరు చివర్లో గానీ మొదలుకాలేదు. ఇన్నాళ్లూ తారురోడ్డు మీద, అరిగిన బూట్లతో ప్రాక్టీస్ చేస్తే పాదం ఏమవ్వాలి? మడమ నుంచి వేళ్ల దాకా ఉండే పట్టీలాంటి కణజాలం దెబ్బతింటుంది. దీన్నే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు.

ఏమిటీ షాక్‌వేవ్?

పేరు విని కరెంటు షాక్ అనుకోకండి. ఇవి ధ్వని తరంగాలు. 1980లో జర్మనీలోని మ్యూనిచ్‌లో కిడ్నీ రాళ్లను పగలగొట్టడానికి మొదట వాడారు. మడమ నొప్పికి అమెరికా ఎఫ్‌డీఏ 2000లో అనుమతిచ్చింది. నొప్పి ఉన్నచోట జెల్ రాసి, యంత్రాన్ని ఆనించి తరంగాలు పంపుతారు. సాధారణంగా వారానికొకటి చొప్పున 3 నుంచి 5 సిట్టింగులు ఉంటాయి. చేసేటప్పుడు కొంచెం నొప్పి తప్పదు. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, అదీ అందరికీ కాదు. ‘వచ్చే వారం ఈవెంట్స్, ఒక సిట్టింగ్ చేయించేద్దాం’ అనుకుంటే డబ్బు దండగే.

ముందు ఇవి చేయండి

* కొన్నాళ్లు పరుగు తగ్గించండి. తారు వదిలి మట్టి నేల మీద పరుగెత్తండి. బూట్లు మార్చండి.
* మెట్టు మీద నిలబడి, వేళ్ల కింద మడిచిన టవల్ పెట్టి, మడమలను మెల్లగా పైకెత్తి దించండి. రోజు విడిచి రోజు చాలు.
* నొప్పి బిళ్ల వేసుకుని పరుగెత్తొద్దు. నొప్పి తెలియదు, దెబ్బ మాత్రం పెరుగుతుంది.
* కాలి ముందు ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పి, రాత్రిళ్లు సలుపు ఉంటే ఎముక చిట్లిందేమో! పరుగు వెంటనే ఆపి డాక్టరును కలవండి.

చాలామందికి కొన్ని నెలల్లో వీటితోనే తగ్గుతుంది. తగ్గకపోతేనే షాక్‌వేవ్ మాట. ముందు అనంతపురం ప్రభుత్వాసుపత్రి ఎముకల విభాగంలో చూపించుకుని, నొప్పి దేనివల్లో తేల్చుకోండి. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

పుస్తకాలకు ఇచ్చినంత శ్రద్ధ పాదాలకూ ఇవ్వండి. హాల్‌టికెట్ వచ్చాక కాదు, నొప్పి మొదలైన వారమే!